తొలకరి మట్టివాసన: గంధ దత్తాంశాల చరిత్రలో కరువు నేల స్థానం

ఉపోద్ఘాతం

అనంతపురం కరువు పీఠభూమిలోని కొత్తచెరువు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగం. ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. వేరుశనగ విత్తడానికి పదును కోసం ఎదురుచూసే ఇటువంటి మెట్ట నేలల్లో తొలకరి మట్టివాసన వానరాకకు తొలి ఆనవాలు. గంధశాస్త్ర దత్తాంశాలలో ఈ వాసనకు దక్కిన చోటు ఎంత అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

వర్గీకరణ

ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దపు తర్కసంగ్రహంలో గంధాన్ని పృథ్వికే చెందిన గుణంగా నిర్వచించి, సురభి, అసురభి అని రెండుగా విభజించాడు. 1752లో లిన్నేయస్ వాసనలను ఏడు తరగతులు చేశాడు. 1985లో ఆండ్రూ డ్రావ్నియెక్స్ కూర్చిన పట్టికలో వర్ణనపదాలు 146కు చేరాయి.

మట్టివాసన రసాయనం

1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ ఎండిన రాళ్లు, మట్టి పీల్చుకొన్న తైలాంశమే తొలివాన వాసనకు మూలమని చూపి, దానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. అప్పటికే కన్నౌజ్ అత్తరు కార్మికులు కాల్చిన మట్టి నుంచి ఆ పరిమళాన్ని చందనతైలంలోకి దించుతున్నారు. 1965లో గెర్బర్, లెషెవాలియర్ మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి జియోస్మిన్‌ను వేరుచేశారు. లక్ష కోట్ల భాగాల నీటిలో కొద్ది భాగాలున్నా మనిషి ముక్కు దీన్ని పసిగడుతుంది.

దత్తాంశాలు, నమూనాలు

1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఘ్రాణ గ్రాహకాల జన్యుకుటుంబాన్ని కనుగొన్నారు. ఇందుకు 2004లో నోబెల్ లభించింది. దరిమిలా గ్రాహకాల వివరాలతో దత్తాంశ నిధులు ఏర్పడ్డాయి. 2017లో వెలువడిన డ్రీమ్ పోటీ ఫలితాలకు 49 మంది 476 అణువులపై ఇచ్చిన అభిప్రాయాలు ఆధారం. 2023 నాటి గంధపటం నమూనా దాదాపు 5,000 అణువులతో శిక్షణ పొందింది. కొత్త అణువులలో సగానికి పైగా వాటి విషయంలో, సగటు పరిశీలకుని కన్న బృందపు సగటు అభిప్రాయానికి దగ్గరగా ఊహించగలిగింది.

ముగింపు

అయితే ఈ నమూనా పరీక్షించింది విడి అణువులను. తొలకరి వాసన మిశ్రమం. నేల, ఎండిన కాలం మారితే అదీ మారుతుంది. వర్ణనపదాలు ప్రధానంగా ఆంగ్ల పరిమళ పరిశ్రమవి. చేపకూ, పచ్చిగుడ్డుకూ ఒకటిగా వాడే ‘నీచు’, మాడిన కొవ్వుకు వాడే ‘కమురు’ వంటి తెలుగు మాటలకు వాటిలో సరిసమానమైన గడి దొరకదు. అణువు ఒకటే అయినా అనుభవాన్ని విభజించేది భాష. కనుక కరువు సీమ రైతుల వాసనపదాలను, వాటి సందర్భాలతో సహా నమోదు చేయడం భాషాసేవ మాత్రమే కాదు. గంధశాస్త్ర దత్తాంశాలలోని లోటును పూరించే పని కూడా.