కేబుల్ టీవీ తీగ మీదుగా ఇంటర్నెట్, టెలిఫోన్ సేవలు: పూర్వాపరాలు

టెలివిజన్ ప్రసారాలు, ఇంటర్నెట్, టెలిఫోన్ అనే మూడు సేవలను ఒకే తీగ ద్వారా గృహాలకు అందించే విధానాన్ని పరిశ్రమ వర్గాలు ‘ట్రిపుల్ ప్లే’గా వ్యవహరిస్తాయి. పాశ్చాత్య దేశాలలో పాత కేబుల్ టీవీ తీగనే సంస్కరించి ఈ సేవలకు వినియోగించారు. తెలుగు రాష్ట్రాలలో ఎక్కువ ప్రాంతాలలో అలా జరగలేదు. ఇక్కడ తీగ మారింది. దానిని మోసే విద్యుత్ స్తంభమూ, ఇంటి గుమ్మం దాకా చేర్చే స్థానిక ఆపరేటరూ మారలేదు. నేడు ఈ రంగంలో తలెత్తుతున్న వివాదాలకు చాలావరకు మూలం ఇక్కడే ఉన్నందున, పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ పరిణామ క్రమాన్ని వివరించడమైనది.

కేబుల్ టీవీ వ్యవస్థ మౌలికంగా ఏకముఖ వ్యవస్థ. హెడ్‌ఎండ్ వద్ద ఉపగ్రహాల నుంచి గ్రహించిన ప్రసారాలు కోయాక్సియల్ తీగపై చెట్టు కొమ్మల వలె చీలుతూ వీధులకు, ఇళ్లకు చేరతాయి. దూరం పెరిగేకొద్దీ బలహీనపడే సంకేతాన్ని మార్గమధ్యంలోని యాంప్లిఫైయర్లు పుంజుకునేలా చేస్తాయి. అయితే అవి ఒక దిశలోనే పనిచేస్తాయి. ఇంటర్నెట్‌కు, టెలిఫోన్‌కు ఇంటి నుంచి తిరుగు మార్గం కూడా అవసరం. అందుకోసం తీగలోని తక్కువ పౌనఃపున్యాలను, ఐరోపా ప్రమాణం ప్రకారం సాధారణంగా 5 నుంచి 65 మెగాహెర్ట్జ్ వరకు, ప్రత్యేకించి ప్రతి యాంప్లిఫైయరునూ ద్విముఖంగా మార్చవలసి ఉంటుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. వీధిలోని అన్ని ఇళ్ల నుంచి పుట్టే విద్యుత్ అలజడి అంతా ఈ తిరుగు మార్గంలో ఒకచోటికి చేరుతుంది. ఒక ఇంట్లో కనెక్టరు వదులైనా వీధి మొత్తానికి సేవ దెబ్బతినవచ్చు.

అమెరికాలో కేబుల్ సంస్థలు వీధి మొగ వరకు ఆప్టికల్ ఫైబరును, అక్కడి నుంచి ఇళ్లకు పాత కోయాక్సియల్ తీగను ఉపయోగించి ఈ చిక్కును అధిగమించాయి. 1996లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ‘ఎట్ హోమ్’ సేవ ప్రారంభమైంది. 1997లో రూపొందిన ‘డాక్సిస్’ ప్రమాణం వల్ల వేర్వేరు సంస్థలు తయారుచేసిన మోడెమ్‌లు ఒకే వ్యవస్థలో పనిచేయడం సాధ్యమైంది. 1999 నాటి 1.1 రూపాంతరం మాటల సంకేతాలకు ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు చేయగా, కేబుల్ టెలిఫోన్‌కు మార్గం సుగమమైంది. 2006 నాటి 3.0 రూపాంతరంతో అనేక చానళ్లను కలిపి వేగం పెంచే వీలు కలిగింది. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజి నుంచే విద్యుత్తు అందేది గనుక కరెంటు పోయినా ఫోను పలికేది. కేబుల్ ఫోనుకు ఆ సదుపాయం లేదు; ఇంట్లో బ్యాటరీ ఉండవలసిందే.

మన దేశంలో 1991 గల్ఫ్ యుద్ధ కాలం నుంచి కేబుల్ టీవీ వేగంగా విస్తరించింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభమైన నాటికి తెలుగునాట పట్టణాలలోనే గాక పెద్ద గ్రామాలలోనూ కేబుల్ ఆపరేటర్లు స్థిరపడ్డారు. అతి స్వల్ప పెట్టుబడితో, మేడల మీదుగా, స్తంభాల మీదుగా తీగలు లాగి వీరు నిర్మించిన వ్యవస్థలో తిరుగు మార్గం ప్రసక్తే లేదు. దానిని ద్విముఖంగా మార్చేందుకు అవసరమైన పెట్టుబడి వారి తాహతుకు మించినది.

చట్టపరమైన విభజన మరొక అవరోధం. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల (నియంత్రణ) చట్టం, 1995 ప్రకారం ఆపరేటరు ప్రధాన తపాలా కార్యాలయంలో నమోదైతే సరిపోయేది. ఇంటర్నెట్ సేవకు మాత్రం కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు కావాలి. 2004 అక్టోబరులో ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం, లైసెన్సు గల సంస్థ తరఫున కేబుల్ వ్యవస్థను ఉపయోగించుకునే అవకాశాన్ని గుర్తించింది. ఆచరణలో పెద్ద నగరాలలోని కొన్ని సంస్థలు కేబుల్ మోడెమ్‌లు ఇచ్చాయి. మిగిలినచోట్ల ఆపరేటర్లు టీవీ తీగ పక్కనే విడిగా ఈథర్‌నెట్ తీగ లాగి కనెక్షన్లు ఇచ్చారు. వినియోగదారుకు అది ‘కేబుల్ నెట్’గానే పరిచయం. సాంకేతికంగా ఆ రెండూ వేరు. వార్తలలో ఈ తేడా తరచూ మరుగున పడుతున్నది.

‘బ్రాడ్‌బ్యాండ్’ అనే మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2004 విధానంలో సెకనుకు 256 కిలోబిట్లు కనీస వేగం. 2013లో అది 512 కిలోబిట్లకు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెరిగింది. వేర్వేరు సంవత్సరాల కనెక్షన్ల సంఖ్యలను పోల్చేటప్పుడు నిర్వచనం మారిన సంగతి గమనించాలి.

టెలిఫోన్ కథ క్లుప్తం. ఇంటర్నెట్ టెలిఫోనీని 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతించినప్పటికీ, ఇంటర్నెట్ సేవా సంస్థల ద్వారా దేశంలోని సాధారణ ఫోన్లకు మాట్లాడేందుకు వీలు కల్పించలేదు. యాక్సెస్ లైసెన్సు గల సంస్థలు ఈ సేవ అందించడంపై టెలికాం శాఖ 2018 జూన్‌లో స్పష్టత ఇచ్చింది. అప్పటికే ఆ స్థానాన్ని మొబైల్ ఫోను ఆక్రమించింది.

కేబుల్ డిజిటలీకరణ రెండవ దశలో హైదరాబాద్, విశాఖపట్నం సహా 38 నగరాలకు 2013 మార్చి 31 గడువుగా నిర్ణయించారు. సెట్‌టాప్ బాక్సులు వచ్చి చిత్రం నాణ్యత మెరుగుపడింది గాని, తీగ ఏకముఖంగానే మిగిలింది.

ఈ దశలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫైబర్ గ్రిడ్ పథకాన్ని చేపట్టింది. కందకాలు తవ్వి తీగ పాతిపెట్టే పద్ధతికి బదులు, విద్యుత్ స్తంభాలపై 23 వేల కిలోమీటర్లకు పైగా ఫైబరును వేలాడదీశారు. తొలి దశకు సుమారు 333 కోట్ల రూపాయలు వ్యయమైనట్లు నాటి ప్రభుత్వం ప్రకటించింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ పథకాన్ని ప్రారంభించారు. మూడు సేవల ప్రారంభ ధర నెలకు 149 రూపాయలు. ఇందులో వాడిన జీపాన్ పరిజ్ఞానంలో ఒక ఫైబరును విద్యుత్తు అవసరం లేని స్ప్లిటర్ల ద్వారా అనేక ఇళ్లకు పంచుతారు. వీధిలో యాంప్లిఫైయరు ఉండదు. తిరుగు మార్గపు అలజడి సమస్యా ఉండదు. ఇంటింటికీ చేర్చే బాధ్యతను స్థానిక కేబుల్ ఆపరేటర్లకే అప్పగించారు. వీధిలో ఏ ఇల్లు ఎక్కడుందో, ఎవరు నెలనెలా చందా కడతారో తెలిసినవారు వారే గనుక ఈ నిర్ణయం సముచితమైనదే. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపులైన్ల కందకాలలోనే ఫైబరుకు నాళాలు వేసే మార్గం అనుసరించారు. ఇది నిదానమైన పద్ధతి, కాని గాలివానకు తట్టుకుంటుంది.

స్తంభం చవక మార్గమే గాని భద్రమైనది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో వేలాది విద్యుత్ స్తంభాలను కూల్చింది. స్తంభం కూలితే దానిపై ఆధారపడిన ఏ తీగా నిలవదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి రథం ఊరేగింపులో ఐదుగురు విద్యుదాఘాతానికి బలయ్యారు. అనంతరం స్తంభాలపై ఉన్న కేబుళ్లను విద్యుత్ సిబ్బంది తొలగించగా, నగరంలో పలుచోట్ల ఇంటర్నెట్ నిలిచిపోయి వివాదం హైకోర్టుకు చేరింది. స్తంభంపై అనుమతి పొందిన తీగ ఏది, పొందనిది ఏది, వాడుకలో లేక వేలాడుతున్నది ఏది అన్న లెక్క కింది నుంచి చూసే లైన్‌మన్‌కు అందదు. ప్రాణాపాయాన్ని తొలగించవలసిన విద్యుత్ సంస్థకు, సేవ నిలిచిన వినియోగదారుకు, జీవనోపాధి తెగిన ఆపరేటరుకు మధ్య తేలవలసిన అంశం ఇదే.

టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023 కింద రూపొందిన మార్గ హక్కు నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. అదే నెలలో స్థానిక కేబుల్ ఆపరేటర్ల నమోదును తపాలా కార్యాలయాల నుంచి కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ విధానానికి మార్చారు. ఇకపై నమోదు గడువు ఐదేళ్లు. ఇంటర్నెట్ లైసెన్సు వ్యవహారం మాత్రం టెలికాం శాఖ పరిధిలోనే కొనసాగుతున్నది.