గళానికి తగిన మైక్రోఫోను

నారాయణపేట అనగానే మనకు ముందుగా స్ఫురించేది ఆ ఊరి చీర. కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ఆ సీమలో నేతతోపాటు పాట కూడా తరతరాలుగా నిలిచి ఉన్నది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన శ్రీ దాసరి కొండప్పగారికి భారత ప్రభుత్వం 2024లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించినప్పుడు, బుర్రవీణ అనే వాద్యం పేరు మనలో చాలామంది మొదటిసారిగా విన్నారు. ఎండిన కాయబుర్ర, వెదురు, తంత్రులు - ఇవే ఆ వాద్యానికి అంగాలు. దానిని మీటుతూ తత్త్వాలు, భక్తిగీతాలు పాడగలవారు మిగిలినది బహు కొద్దిమంది. అట్టి గాయకుడు ధ్వనిముద్రణశాలకు వచ్చినప్పుడు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటున్నది: ఆయన ఎదుట ఏ మైక్రోఫోనును ఉంచవలెను? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు.

మైక్రోఫోను లేని కాలంలోనే మన దేశంలో గానముద్రణ ప్రారంభమైనది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని ముద్రించినారు. అప్పటి సాధనం ఒక పెద్ద బాకా. గాయని ఆ బాకా నోటిలోనికి పాడితే, ఆ ధ్వని బలంతోనే అవతలి కొసనున్న పలుచని పొర కంపించి, సూది మైనపు పలకపై గీత గీసేది. విద్యుత్తు సహాయం ఏమాత్రమూ లేదు. అందువల్ల గొంతెత్తి పాడగలవారిదే రాజ్యం. మెత్తని తంత్రీవాద్యాలు గీతకు అందేవి కావు. ఫిడేలుకే ఒక లోహపు బాకాను బిగించి స్ట్రో ఫిడేలు అనే కొత్త వాద్యాన్ని సృష్టించవలసి వచ్చినదంటే, యంత్రం కోసం కళాకారుడు ఎంత మారవలసి వచ్చినదో ఊహించవచ్చును. ఆ బాకా ఎదుట బుర్రవీణను ఉంచి ఉంటే, పాట మాత్రమే మిగిలి, వీణ మూగబోయి ఉండేది.

1925లో గ్రామఫోను కంపెనీలు విద్యుత్ ముద్రణకు మారినవి. అప్పటినుండి బాకా స్థానాన్ని మైక్రోఫోను ఆక్రమించినది. తొలినాటి ప్రసారశాలల్లో కర్బనపు రేణువులతో పనిచేసే మైక్రోఫోనులు ఉండేవి. జర్మనీలో రైస్ పేరిట వచ్చిన మైక్రోఫోను పాలరాతి దిమ్మలో అమర్చిన అట్టిదే. దానిలో ధ్వనికి తోడు ఎడతెగని ‘సుయ్’ అనే రొద వినిపించేది. అమెరికాలో వెంటే 1917 నాటికే రూపొందించిన కండెన్సర్ మైక్రోఫోను ఇంతకంటె స్వచ్ఛమైనది. కాని ధ్వనిని పెంచే పరికరాన్ని దాని చెంతనే అమర్చవలసి వచ్చేది.

1930 తరువాత రిబ్బను మైక్రోఫోను వ్యాప్తిలోనికి వచ్చినది. అయస్కాంతపు ధ్రువాల నడుమ అతి పలుచని అల్యూమినియపు రేకు వ్రేలాడుతూ, గాలి కదలికను అనుసరించి కదలును. అది ముందునుండి, వెనుకనుండి వచ్చే ధ్వనిని గ్రహించును. రెండు ప్రక్కలకు మాత్రం చెవిటిది. దగ్గరగా పాడేకొద్దీ మంద్రధ్వనులు హెచ్చుగా పలుకును. చెవిలో చెప్పినట్లు మెల్లగా పాడే శైలి పాశ్చాత్యదేశాలలో అంతగా వ్యాపించుటకు మైక్రోఫోను ముఖ్యకారణం. 1935లో హైదరాబాదు సంస్థానపు రేడియో ప్రసారాలు ప్రారంభించిననాడు, 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో చేరిననాడు కూడా, ప్రసారంలో అధికభాగం ప్రత్యక్షంగా సాగేది. మైక్రోఫోను ఎంపికలో, దాని స్థానంలో పొరపాటు జరిగితే సరిదిద్దుకొను అవకాశం ఉండేది కాదు.

1939లో షూర్ కంపెనీ యూనిడైన్, ఎదుటి ధ్వనిని హెచ్చుగాను, వెనుకటి దానిని తక్కువగాను గ్రహించే గుణాన్ని ఒకే చిన్న సాధనంలో ఇమిడ్చినది. 1949లో నాయ్‌మన్ కంపెనీ యు 47 వచ్చినది. దానిలో ఒక మీట త్రిప్పితే, ఎదుటి ధ్వనిని గాని, అన్ని దిక్కుల ధ్వనిని గాని గ్రహించవచ్చును. 1966 నాటి ఎస్‌ఎం 58 వేదికలపై పెదవులకు చేరువగా పట్టుకొని పాడేవారి చేతి సాధనమైనది.

ఇన్నింటిలో ఉత్తమమైనది ఏది అని అడిగితే, గాయకుని చూడనిదే సమాధానం చెప్పరాదు. పెదవులకు దగ్గరగా ఉంచే మైక్రోఫోను సినిమాపాటకు చక్కగా నప్పును. ఆరుబయట పదిమందికి వినిపించేటట్లు పాడి అలవాటైన గళానికి అదే అపకారం చేయవచ్చును. మంద్రం ఉబ్బి, గొంతులోని పదును అణగిపోవును. పైగా వీణ దూరమైపోవును. అట్లని గళానికొకటి, వీణకొకటి మైక్రోఫోను పెట్టితే, ఒకే ధ్వని రెండింటికీ వేర్వేరు క్షణాలలో చేరి, కలిపినప్పుడు డొల్లగా వినిపించవచ్చును. రెండు మైక్రోఫోనులు తప్పనిసరియైతే రిబ్బను తరహావాటిని తీసికొని, ఒక్కొక్కదాని చెవిటి ప్రక్కను రెండవ ధ్వని వైపు త్రిప్పుట మేలు. గది నిశ్శబ్దంగా ఉంటే, అన్ని దిక్కుల ధ్వనిని గ్రహించే మైక్రోఫోను ఒక్కదానినే కొన్ని అడుగుల దూరంలో ఉంచి, గళమూ వీణా సమతూకంలో వినిపించేవరకు ఎత్తు మార్చి చూచుట ఇంకను మేలు.

ఎంపికకు నమ్మదగిన పరీక్ష ఒకటే. ఒకే చరణాన్ని రెండు మైక్రోఫోనులతో ముద్రించి, రెండింటినీ సమానమైన బిగ్గరతనంతో వినవలెను. ఏలననగా బిగ్గరగా ఉన్నదే బాగున్నట్లు చెవి భ్రమపడును. వినేవారిలో ఆ గాయకుని పాటను ఊరి అరుగుమీద ఎదురుగా విన్నవారు ఒకరైనా ఉండవలెను. ‘ఇది ఆయన గొంతే’ అని వారు గుర్తించినదే తగిన మైక్రోఫోను. దాని ఖరీదు పిదప చూచుకొనవచ్చును.

బాకా కాలంలో మెత్తగా పలికిన వాద్యాలెన్నో గీతకు అందక పోయినవి. అది ఆనాటి సాధనాల లోపం. నేడు సాధనాలకు కొదువ లేదు. బుర్రవీణ విననివారు రేపు దానిని తెలుసుకొనేది మన ముద్రణ ద్వారానే. అందులో వీణ వినిపించకపోతే, అది అంతే కాబోలునని వారు అనుకొందురు. కనుక నారాయణపేట సీమకు ధ్వనిముద్రణ పరికరాలతో వెళ్ళేవారు ముందుగా మైక్రోఫోనును పెట్టెలోనే ఉంచి, గాయకుని ఎదుట కూర్చుండి ఒక పాట పూర్తిగా వినుట మంచిది.