నవ్వు ఎవరి మీద, నీతి ఎవరికి?
పిల్లల క్రైస్తవ రేడియో నాటికల చరిత్రను పల్లె వైపు నుంచి వినడం

పిల్లల కథల్ని మనం చరిత్ర కింద లెక్కపెట్టం. ఉద్యమాల చరిత్ర రాసుకుంటాం, దాడుల చరిత్ర రాసుకుంటాం, భూమి చరిత్ర, రిజర్వేషన్ల చరిత్ర రాసుకుంటాం. పిల్లలు ఎవర్ని చూసి నవ్వారు, నవ్విన తర్వాత వాళ్లకు చెప్పిన నీతి ఏమిటి అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. అదేదో సండే స్కూలు టీచరమ్మల వ్యవహారం అని వదిలేస్తాం. కానీ ఎవర్ని చూసి నవ్వొచ్చు, ఎవరి ముందు నోరు మూసుకోవాలి అన్నది మనిషి చిన్నప్పుడే నేర్చుకుంటాడు. మన పిల్లకాయలకు కులం మొదట తెలిసేది కూడా చాలాసార్లు బడిలో ఎగతాళి రూపంలోనే.

ఈ వ్యాసంలో మేం అమెరికాలో పుట్టిన ఒక పిల్లల నాటికల వరసను పరిశీలిస్తున్నాం. దళిత పత్రికలో అమెరికా నాటికల గొడవ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు మాల మాదిగ పల్లెల వాళ్లు. ఆ పల్లెల సండే స్కూళ్లలో పాఠం చెప్పే పద్ధతి (ఒక కథ, ఒక తప్పు, ఒక వాక్యం, ఒక నీతి) చాలావరకు పడమటి మిషన్ల నుంచి వచ్చిందే. ఆ పద్ధతి బాగా ఎదిగిన చోట దాన్ని చూస్తే అందులో ఏముందో, ఏం లేదో తెలుస్తుంది. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో అప్పుడు మనమే తేల్చుకోవచ్చు.

ముఖం లేని గొంతు

రేడియో నాటికలో మనిషి కనపడడు, గొంతే వినపడుతుంది. ఒంటి రంగు, బట్ట, కూర్చునే చోటు ఏదీ తెలియదు. కాబట్టి రేడియోలో వివక్ష ఉండదని అనుకుంటే పొరపాటు. 1928లో షికాగోలో మొదలైన 'ఏమోస్ అండ్ ఆండీ' అనే హాస్య కార్యక్రమాన్ని చూడండి. అందులో ఇద్దరు నల్లజాతి పాత్రలను ఫ్రీమన్ గాస్డెన్, చార్లెస్ కొరెల్ అనే ఇద్దరు తెల్లవాళ్లు నటించారు. నల్లవాళ్ల యాసను వెక్కిరిస్తూ, వాళ్లు తెలివితక్కువ వాళ్లన్నట్టు మాట్లాడి దేశాన్ని నవ్వించారు. నల్లజాతి పత్రిక 'పిట్స్‌బర్గ్ కొరియర్' 1931లో దీనికి వ్యతిరేకంగా పది లక్షల సంతకాల కోసం ఉద్యమం నడిపింది. అయినా ఆ కార్యక్రమం ఏదో ఒక రూపంలో 1960 దాకా రేడియోలో సాగింది.

ఇది మనకు కొత్త సంగతా? మన సినిమాల్లో, నాటకాల్లో పల్లె యాస ఎవరి నోట పెట్టారు? వంటవాడి నోట, పాలేరు నోట, తాగుబోతు నోట. నాయకుడికి పుస్తకాల భాష, నవ్వులాటగాడికి మన భాష. గొంతు ఒక్కటి చాలు, వాడు ఎవరో తెలిసిపోతుంది.

అదే అమెరికా రేడియోలో క్రైస్తవ కార్యక్రమాలు మరో దారిన పెరిగాయి. 1942లో మిషిగన్ రాష్ట్రంలో 'చిల్డ్రన్స్ బైబిల్ అవర్' మొదలైంది. 1950లో షికాగోలోని పసిఫిక్ గార్డెన్ మిషన్ 'అన్‌షాకిల్డ్' అనే నాటికలను ప్రారంభించింది. తాగుడుకు బానిసలై, వీధిన పడి, తర్వాత మారుమనసు పొందినవాళ్ల సాక్ష్యాలే అందులో కథలు. అవి ఏడిపించే నాటికలు. పిల్లల్ని నవ్వించి కూర్చోబెట్టడం ఎట్లా అన్న ప్రశ్నకు గట్టి సమాధానం 1987లో వచ్చింది.

ఐస్‌క్రీం దుకాణంలో నీతి

మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ డాబ్సన్ 1977లో 'ఫోకస్ ఆన్ ద ఫ్యామిలీ' అనే సంస్థను పెట్టాడు. ఆ సంస్థ 1987 మొదట్లో 13 భాగాల ప్రయోగం చేసి, అదే సంవత్సరం నవంబర్‌లో పిల్లల నాటికల వరసను ప్రారంభించింది. స్టీవ్ హారిస్, ఫిల్ లాలర్ దాని సృష్టికర్తలు. మరుసటి ఏడాది దానికి 'అడ్వెంచర్స్ ఇన్ ఒడిస్సీ' అన్న పేరు స్థిరపడింది. క్యాసెట్లుగా, సీడీలుగా, తర్వాత ఇంటర్నెట్‌లో ఎనిమిది వందలకు పైగా భాగాలు వచ్చాయి. రెండు తరాల పిల్లలు వాటిని విని పెరిగారు.

ఒడిస్సీ ఒక ఊహా పట్టణం. అక్కడ జాన్ ఏవరీ విట్టకర్ అనే పెద్దాయన ఐస్‌క్రీం దుకాణం నడుపుతుంటాడు. భార్యను పోగొట్టుకున్నవాడు, చదువుకున్నవాడు, యంత్రాలు కనిపెట్టేవాడు. పిల్లలు ఆయన్ని విట్ అంటారు. ఒక పిల్లవాడు అబద్ధం ఆడతాడు, లేదా గొప్పలు పోతాడు, లేదా మాట తప్పుతాడు. ఆ తప్పును కప్పిపుచ్చబోయి ఇంకో తప్పు చేస్తాడు. అంతా తలకిందులవుతుంది. నవ్వు ఇక్కడే పుడుతుంది. సామాన్లు పడిపోతాయి, ఒకరి మాట ఇంకొకరికి తప్పుగా వినపడుతుంది. చివరికి పిల్లవాడు విట్ దగ్గరికి వస్తాడు. ఆయన కోప్పడడు, తిట్టడు. ఒక కథో వాక్యమో చెప్పి, క్షమాపణ అడగడం నేర్పుతాడు. ఆపైన వ్యాఖ్యాత నాలుగు మాటల్లో నీతిని మళ్లీ గుర్తుచేస్తుంది.

ఈ పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. బెత్తంతో నీతి చెప్పే బడుల్లో చదివినవాళ్లకు ఇందులో ఉన్న మర్యాద విలువ తెలుస్తుంది. తప్పు చేసిన పిల్లవాణ్ని నలుగురిలో అవమానించకుండా దిద్దడం చిన్న విషయం కాదు. నవ్వు పిల్లవాడి భయాన్ని పోగొడుతుంది. తన తప్పును తానే దూరం నుంచి చూసుకునే వీలిస్తుంది.

అయితే ఆ నవ్వుకు హద్దులు గీసిందెవరు?

పోలీసును చూసి నవ్వకూడదు

మొదటి రోజుల నాటికల్లో ఆఫీసర్ హార్లే అనే పోలీసు ఉండేవాడు. పని చేతకాని అమాయకుడు. దొంగను పట్టుకోబోయి తానే ఇరుక్కుపోయే రకం. పిల్లలకు అతనంటే సరదా. కానీ పోలీసును ఇట్లా వెర్రివాడిగా చూపిస్తే పిల్లలకు అధికారం మీద గౌరవం పోతుందని కొందరు శ్రోతలు అభ్యంతరం చెప్పారు. ఆ పాత్రను తీసేశారు. తర్వాత హార్లో డాయిల్ అనే ప్రైవేటు డిటెక్టివ్ వచ్చాడు. అదే తికమక, అదే వెర్రితనం, గొంతు ఇచ్చిన నటుడు కూడా అదే విల్ ర్యాన్. హాస్యం అట్లాగే ఉంది, ఒంటి మీది యూనిఫారం మాత్రం పోయింది.

చిన్న సంఘటనే, కానీ మాకు ఇందులో చాలా కనపడుతోంది. పోలీసును తమ రక్షకుడిగా చూసే ఇళ్ల నుంచే ఆ అభ్యంతరం రాగలదు. పోలీసు జీపు శబ్దం వినగానే మగవాళ్లు పొలాలకు అడ్డంపడి పారిపోయే పల్లెలో పిల్లలకు పోలీసును చూసి నవ్వే నాటిక ఏం చేస్తుంది? కాసేపైనా గుండె దడ తగ్గిస్తుంది. ఒకరికి క్రమశిక్షణ చెడగొట్టే నవ్వు ఇంకొకరికి ఊపిరి.

కిటికీలు తుడిచే బెర్నార్డ్

ఇదే వరసలో ఇంకో పాత్ర ఉంది. పేరు బెర్నార్డ్ వాల్టన్, కిటికీలు తుడిచి, గదులు శుభ్రం చేసేవాడు. డేవ్ మాడెన్ అనే నటుడు ఆ పాత్రకు గొంతిచ్చాడు. నసుగుతూ, విసుక్కుంటూ, పుల్లవిరుపుగా మాట్లాడతాడు. విట్ లేనప్పుడు పిల్లలకు బైబిలు కథ చెప్పే పని ఇతని మీద పడుతుంది. ఎస్తేరు కథ, యోసేపు కథ, యోబు కథ ఇతని నోట వస్తాయి. పండితుడు చెబితే పాఠంలా ఉండే కథ, చీపురు పట్టినవాడు చెబితే ఇంటి ముచ్చటలా అవుతుంది. నాటికల మొత్తంలో మాకు బాగా నచ్చింది ఈ బెర్నార్డే.

కానీ ఒక తేడా మరిచిపోవద్దు. బెర్నార్డ్‌ది పని, కులం కాదు. అతని తాత తుడిచాడు కాబట్టి అతను తుడవడం లేదు. సాయంత్రానికి చీపురు పక్కనపెడితే అతను ఆ పట్టణంలో అందరితో సమానంగా బల్ల దగ్గర కూర్చుంటాడు. మన దగ్గర చీపురు పట్టినవాడు కథ చెప్పడానికి కూర్చుంటే, ముందు వాణ్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న పేచీ వస్తుంది.

విట్ పాత్రకు మొదట గొంతిచ్చిన హాల్ స్మిత్ చరిత్ర కూడా ఇక్కడ గమనించాలి. 1994లో చనిపోయేదాకా ఆయనే విట్. అంతకుముందు ఆయన టెలివిజన్‌లో 'ఆండీ గ్రిఫిత్ షో'లో ఊరి తాగుబోతు ఓటిస్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఆ షో 1960 నుంచి 1968 దాకా నడిచింది. కథ జరిగే ఊరు నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉన్నట్టు చెప్పారు. అదే రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో 1960 ఫిబ్రవరిలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ల హోటల్ బల్ల దగ్గర కూర్చుని కదలమన్నారు. షోలోని ఊళ్లో ఆ అలికిడే లేదు. ఎనిమిదేళ్లలో ఒక నల్లజాతి పాత్రకు చెప్పుకోదగ్గ మాటలు దొరికింది 1967లోనే. అందరూ మంచివాళ్లే, తప్పులన్నీ చిన్నవే, అన్నీ సాయంత్రానికి సర్దుకుపోతాయి అన్న చిన్న ఊరి నమూనా అట్లాంటిది. ఒడిస్సీ పట్టణం ఆ నమూనా మీదే నిలబడిందని మా అభిప్రాయం.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. బానిసత్వం నుంచి పారిపోయే నల్లజాతి కుటుంబం కథను ఒడిస్సీ మూడు భాగాల్లో చెప్పింది. అయితే అది పాతకాలపు కథ. అన్యాయం చరిత్రలో జరుగుతుంది, ఈనాటి ఊళ్లో మాత్రం ఎవరి తప్పు వాళ్లు దిద్దుకుంటే చాలు. ఇదీ లెక్క.

రెండు పేర్ల పిల్లవాడు

ఇప్పుడు మన పల్లెకు వద్దాం. పిల్లల నాటికల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే నీతి అబద్ధం ఆడకూడదు అనేది. మంచి నీతి. మరి చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఇంకో పేరు ఉన్న పిల్లవాడికి దీన్ని ఎట్లా చెబుతారు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవులకు సడలించలేదు. మతం మారినా ఊరు మాత్రం మాల, మాదిగ అనే పిలిచింది. కాయితం మీద ఒకటి, బతుకులో ఒకటి. ఆ పిల్లవాడు ఆదివారం అబద్ధం పాపమని విని, సోమవారం బడిలో తన రెండో పేరుకు హాజరు పలికినప్పుడు మనసులో ఎంత నలిగిపోతాడు? తప్పు పిల్లవాడిదా, వాడిని రెండుగా కోసిన చట్టానిదా? ఐస్‌క్రీం దుకాణంలో పుట్టిన నీతికి ఈ ప్రశ్న ఎదురైనట్టు లేదు.

రెండో నీతి, పెద్దలకు లోబడి ఉండాలి అనేది. 1985 జూలైలో కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర భూస్వాముల కుర్రాళ్లు గేదెల కుడితి కడిగి నీళ్లు పాడు చేస్తుంటే అడిగినందుకు కొట్టబోయారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు పల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆమె పేరే సువార్త. సండే స్కూలు పాఠంలో ఈ బిందెకు చోటుందా? లోబడటం ఒక్కటే నీతి అయితే ఆమె తప్పు చేసినట్టు లెక్క. అట్లా అనగల టీచరు మన పల్లెల్లో ఎవరైనా ఉన్నారా?

నవ్వు పైకి కూడా పోతుంది

మేం బైబిలును పక్కనపెట్టమనడం లేదు. బైబిల్లోనే వేరే నవ్వు ఉంది. ఎస్తేరు గ్రంథంలో హామాను అనే మంత్రి తనకు మొక్కలేదని మొర్దెకై మీద పగబట్టి, అతని జాతినంతటినీ చంపించబోతాడు. చివరికి మొర్దెకైని గుర్రం ఎక్కించి, తానే ముందు నడుస్తూ వీధుల్లో చాటింపు వేయాల్సివస్తుంది. గుర్రమెక్కాడని మన పెళ్లికొడుకులను కొట్టే దేశంలో ఈ ఘట్టం పిల్లలకు ఎంత నవ్వు, ఎంత ధైర్యం! బిలాము కథలో దేవదూతను ప్రవక్త చూడలేకపోతాడు, అతని గాడిద చూస్తుంది. దెబ్బలు తిన్న జంతువు నోరు తెరిచి పెద్దమనిషిని నిలదీస్తుంది. ఇవి కింది నుంచి పైకి పోయే నవ్వులు.

మన పల్లెకు ఈ నవ్వు కొత్తదేం కాదు. చిందు కళాకారులు ఆడే జాంబపురాణంలో జాంబవంతుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు, ఎవరు ముందు పుట్టారో తేల్చమంటాడు. ప్రశ్న మీద ప్రశ్న పడుతుంటే జనం పగలబడి నవ్వుతారు. 1878లో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున జాన్ క్లౌ మిషన్ వాళ్లు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. డప్పు కొట్టినవాళ్లు, చెప్పులు కుట్టినవాళ్లు. వాళ్లు ఖాళీ చేతులతో చర్చిలోకి రాలేదు. మాటకు మాట చెప్పే విద్యతో వచ్చారు. ఆ విద్యకు సండే స్కూల్లో దక్కాల్సిన చోటు దక్కలేదు.

కాబట్టి సండే స్కూలు టీచర్లకు, క్రిస్మస్ నాటకాలు రాసే యువజన సంఘాలకు మా విన్నపం ఇది. పిల్లలకు ఏ క్యాసెట్ వినిపించినా, ఏ నాటిక ఆడించినా ముందు మూడు విషయాలు చూసుకోండి. నవ్వు ఎవరి మీద పడుతోంది? పడ్డవాడు తిరిగి నవ్వగలడా? చివర్లో చెప్పే నీతి పిల్లవాణ్ని ఒక్కణ్నే దిద్దుతోందా, వాడి మీద జరిగే అన్యాయానికి కూడా పేరు పెడుతోందా? బెర్నార్డ్ చీపురును మన పల్లె పిల్లవాడి చేతికివ్వకండి, అతని కథ చెప్పే గొంతును ఇవ్వండి. ఎస్తేరు కథను మన యాసలో, మన డప్పుతో ఆడించండి. హామాను ఎవరిలా మాట్లాడాలో పిల్లల్నే అడగండి. వాళ్లకు బాగా తెలుసు.