కొన్న ఆట ఎవరి మిల్కియత్?

బజారులో సౌదా ఎలా జరుగుతుందో మనందరికీ తెలుసు. మనం పైసలిస్తాం, దుకాన్‌దార్ మాల్ ఇస్తాడు. ఇక ఆ మాల్ మనది. ఇంట్లో పెట్టుకోవచ్చు, తమ్ముడికి ఇవ్వొచ్చు, ఇరవయ్యేళ్లు సందూకులో దాచుకోవచ్చు. దుకాణం రేపు మూతపడినా మన మాల్‌కు ఏమీ కాదు. కిరాయి సంగతి వేరు. కిరాయికి తెచ్చిన సైకిల్ సాయంత్రానికి తిరిగివ్వాల్సిందే. ఫిఖ్‌లో కూడా అమ్మకాన్ని బై అంటారు, కిరాయిని ఇజారా అంటారు. రెండూ జాయిజే, కానీ దేని షర్తులు దానివి. బై అని చెప్పి ఇజారా అంటగడితే అది ధోకా.

ఇంటర్నెట్ దుకాణాలు గత ఇరవయ్యేళ్లలో ఈ రెండింటినీ కలగాపులగం చేశాయి. పిల్లలాడే కంప్యూటర్ ఆటల్లో ఇది మరీ ఎక్కువ. బటన్ మీద "కొనండి" అని రాసుంటుంది. అబ్బా ఖాతాలోంచి పైసలు పోతాయి. చేతికొచ్చేది మాత్రం చాలాసార్లు ఆడుకోవడానికి ఇజాజత్, అంతే. ఈ తేడాను తొందరగా పసిగట్టి, ఏళ్లుగా గొంతెత్తుతున్న ఒక చిన్న జమాత్ ఉంది. వాళ్లు లినక్స్ కంప్యూటర్ల మీద ఆటలాడేవాళ్లు. వాళ్ల తారీఖ్ తెలుసుకుంటే మన ఇంటి సౌదాలకు కూడా పనికొస్తుంది.

తాళం ఎవరి చేతిలో?

ముందు రెండు మాటలు సాఫ్‌గా చెప్పుకుందాం. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దాన్ని మొదలుపెట్టాడు. దానికి ఒక్క మాలిక్ అంటూ లేడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచొచ్చు. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్న గుండెకాయ కూడా అదే. మన దగ్గర స్వేచ్ఛ అనే సంస్థ దాన్ని తెలుగులోకి తెచ్చింది.

రెండోది డీఆర్ఎం. డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్ అనే పెద్ద పేరుకు పొట్టి రూపం. దొంగ నకళ్లు పుట్టకుండా కంపెనీ ఆటకు వేసే తాళం అది. కొన్ని తాళాలు ఆట మొదలైన ప్రతిసారీ కంపెనీ సర్వర్‌ను అడిగి ఇజాజత్ తెచ్చుకుంటాయి. ఒక కితాబ్ కొన్నామనుకోండి. దాన్ని తెరిచిన ప్రతిసారీ దుకాన్‌దార్ నౌకరు వచ్చి రసీదు చూపించమంటే ఎలా ఉంటుంది? నౌకరు రాని రోజు కితాబ్ తెరుచుకోదు. దుకాణమే ఎత్తేస్తే ఇక ఎన్నటికీ తెరుచుకోదు. 2008 సెప్టెంబర్‌లో వచ్చిన స్పోర్ అనే ఆటకు ఇలాంటి తాళమే వేశారు. మొదట్లో మూడుసార్లకు మించి యాక్టివేట్ చేయనివ్వలేదు. జనం అమెజాన్‌లో గుంపులు గుంపులుగా ఒక్క నక్షత్రం రేటింగులిచ్చి గుస్సా చూపించారు.

లినక్స్ వాళ్లకు ఈ తాళాలతో ఇంకో ముసీబత్ ఉంది. తాళాన్ని ఎక్కువగా విండోస్‌ను చూసుకుని తయారుచేస్తారు. లినక్స్‌లో ఆట నడిచేటట్టున్నా తాళం అడ్డుపడుతుంది. దొంగ నకలు తెచ్చుకున్నవాడు హాయిగా ఆడుకుంటుంటే, పైసలు కట్టినవాడు దర్వాజా బయట నిలబడాలి. ఇదెక్కడి ఇన్సాఫ్?

మొదటి ఉమ్మీద్, మొదటి దెబ్బ

1998లో కాలిఫోర్నియాలో స్కాట్ డ్రేకర్ అనే వకీలు లోకీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ పెట్టాడు. విండోస్ ఆటలను లినక్స్‌కు మార్చి డబ్బాల్లో అమ్మడం దాని పని. 1999లో సివిలైజేషన్: కాల్ టు పవర్ తెచ్చింది. తర్వాత క్వేక్ 3 లాంటి పెద్ద పేర్లూ వచ్చాయి. కానీ విండోస్ డబ్బా ముందొచ్చేది, లినక్స్ డబ్బా ఆలస్యంగా వచ్చేది. చాలామంది ఆగలేక విండోస్‌దే కొనేసుకున్నారు. లోకీ అప్పుల్లో మునిగి 2002 జనవరిలో మూతపడింది.

ఆ మెహనత్ మాత్రం మట్టిపాలు కాలేదు. లోకీలో పనిచేసిన సామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ అనే కోడ్ ఈనాటికీ వేల ఆటల్లో ఉంది. అక్కడే పనిచేసిన రయన్ గోర్డన్ తర్వాతి ఏళ్లలో ఎన్నో ఆటలను లినక్స్‌కు చేర్చాడు. ఇంకో సంగతి గమనించండి. లోకీ మూతపడినా, దాని డబ్బాలు కొన్నవాళ్ల దగ్గర సీడీలు అలాగే ఉండిపోయాయి. వాటిని ఎవరూ వెనక్కి లాక్కోలేదు. ఆ తర్వాత వచ్చిన జమానాలో ఆ భరోసా కూడా లేకుండా పోయింది.

వార్సా సంతలో నేర్చిన సబక్

ఇప్పుడు పోలండ్ వెళ్దాం. అక్కడ 1994 దాకా సాఫ్ట్‌వేర్ నకళ్లను ఆపే గట్టి ఖానూన్ లేదు. రాజధాని వార్సాలో కంప్యూటర్ల సంతలో నకలు ఆటలు బహిరంగంగా అమ్ముడయ్యేవి. మార్చిన్ ఇవిన్‌స్కి, మిహావ్ కిచిన్‌స్కి అనే ఇద్దరు స్కూలు దోస్తులు ఆ సంతలో తిరిగి పెరిగినవాళ్లే. 1994లో వాళ్లు సీడీ ప్రొజెక్ట్ అనే కంపెనీ పెట్టి అసలు సరుకు అమ్మడం మొదలుపెట్టారు.

నకలు చవగ్గా దొరికేచోట అసలు ఎవరు కొంటారు? 1999లో బాల్డర్స్ గేట్ అనే ఆటతో వాళ్లు దీనికి జవాబిచ్చారు. ఆటను పోలిష్ భాషలోకి మార్చి, పేరున్న నటులతో మాటలు చెప్పించారు. డబ్బాలో ఐదు సీడీలతో పాటు నక్షా, నియమాల పుస్తకం పెట్టారు. మొదటి రోజే వేలల్లో అమ్ముడుపోయింది. గ్రాహక్‌ను దొంగలా చూస్తే దొంగే అవుతాడు, ఇజ్జత్ ఇచ్చి మంచి మాల్ ఇస్తే పైసలు తానే ఇస్తాడు. సంతలో నేర్చుకున్న సబక్ ఇది.

2008లో వాళ్లు ఇంటర్నెట్‌లో గుడ్ ఓల్డ్ గేమ్స్ అనే దుకాణం తెరిచారు. దాన్నే పొట్టిగా గాగ్ అంటారు. పాత ఆటలను కొత్త కంప్యూటర్లలో నడిచేలా బాగుచేసి, ఏ తాళమూ లేకుండా అమ్మడం వాళ్ల ఉసూల్. ఫైలు దించుకుంటే అది మీ దగ్గరే ఉంటుంది. 2011లో వాళ్ల సొంత ఆట విచర్ 2 వచ్చినప్పుడు ఒక అజీబ్ సంగతి జరిగింది. డబ్బాలో అమ్మిన నకలుకు తాళం ఉంది, గాగ్‌లో అమ్మినదానికి లేదు. దొంగలు ఎక్కువగా పంచుకున్నది తాళం పగలగొట్టిన డబ్బా ఆటనేనని కంపెనీవాళ్లే చెప్పారు. విడుదలైన కొద్దిరోజులకే డబ్బా ఆటకు కూడా తాళం తీసేశారు.

మీకు తోచినంత ఇవ్వండి

2010 మే నెలలో అమెరికాకు చెందిన వుల్ఫైర్ అనే చిన్న కంపెనీ హంబుల్ ఇండీ బండిల్ అని ఒక అమ్మకం పెట్టింది. వరల్డ్ ఆఫ్ గూ, అక్వేరియా, గిష్, లుగారు, పెనంబ్రా అనే ఐదు ఆటలు. తాళం లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తాయి. ధర ఎంత? మీకు తోచినంత. అందులో కొంత ఖైరాత్‌కు కూడా వెళ్తుంది.

లినక్స్ వాళ్లంటే ముఫ్త్‌ఖోర్‌లని, సాఫ్ట్‌వేరే ఉచితంగా తెచ్చుకునేవాళ్లు ఆటకు పైసలేమిస్తారని లోకంలో ఒక ఇల్జామ్ ఉండేది. లెక్కలు వేరే మాట చెప్పాయి. విండోస్ వాళ్లు సగటున 8 డాలర్ల చుట్టూ ఇస్తే, లినక్స్ వాళ్లు 14 డాలర్ల పైన ఇచ్చారు. మొత్తం మీద సుమారు 1,38,000 మంది కలిసి 12 లక్షల డాలర్లకు మించి ఇచ్చారు. వసూళ్లు పది లక్షల డాలర్లు దాటేసరికి నాలుగు ఆటల సోర్స్ కోడ్‌ను కూడా అందరికీ తెరిచారు.

ఇందులో చేదు నిజం కూడా ఉంది. ఒక్క సెంటు ఇచ్చినా చాలు అన్న అమ్మకంలో కూడా, దాదాపు నాలుగో వంతు డౌన్‌లోడ్లు అసలు పైసలివ్వనివాళ్లవేనని వుల్ఫైర్ అంచనా వేసింది. అయినా వాళ్లు తాళం వేయలేదు. కొందరు ఖియానత్ చేశారని ఇమాన్‌దారులందరినీ అనుమానించకూడదన్నది వాళ్ల ఫైస్లా.

వాదాలు నిలిచినవి, విరిగినవి

2014లో గాగ్‌కు ఒక పరీక్ష వచ్చింది. అన్ని దేశాల్లో ఒకే ధర అన్న తన ఉసూల్‌ను ఆ ఏడాది మొదట్లో సడలించబోయింది. గ్రాహకులు నారాజ్ అయ్యారు. మార్చిలో గాగ్ మాఫీ అడిగి అప్పటికి వెనక్కి తగ్గింది, తర్వాత దేశానికో ధర వచ్చేసింది. ఆ మార్చిలోనే లినక్స్‌కు కూడా ఆటలు అమ్ముతామని వాదా చేసింది. జులైలో 50 ఆటలతో మొదలుపెట్టి ఆ వాదా నిలబెట్టుకుంది.

మరి విచర్ 3? అది లినక్స్‌కు వస్తుందని స్టీమ్ దుకాణంలో ఒక ప్రకటన కనిపించింది. రాలేదు. గాగ్ తన గెలాక్సీ అనే సాఫ్ట్‌వేర్‌ను విండోస్, మ్యాక్‌లకు ఇచ్చింది, లినక్స్ వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆ ఖాళీని హీరోయిక్ లాంటి స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్లు పూడ్చాయి. 2021లో గాగ్ హిట్‌మన్ ఆటను అమ్మకానికి పెట్టింది. అందులో చాలా భాగానికి ఇంటర్నెట్ ఉండి తీరాలి. తాళం లేదంటూనే ఇదేమిటని జనం నిలదీశారు. కొన్ని వారాల్లోనే గాగ్ దాన్ని దుకాణంలోంచి తీసేసింది.

మిగతా దుకాణాల హాల్ చూడండి. లినక్స్ ఆటలు అమ్మిన డెసూరా 2015లో దివాలా తీసింది. రాకెట్ లీగ్ అనే ఆట లినక్స్‌లో నడిచేది. దాని కంపెనీని ఎపిక్ కొన్న తర్వాత, 2020లో లినక్స్, మ్యాక్ రెండింటికీ ఆన్‌లైన్ ఆట ఆపేశారు. పైసలు వాపస్ ఇచ్చారు, అది మంచిదే. కానీ కొన్న మాల్‌ను ఇంట్లోంచి తీసుకెళ్లి పైసలు చేతిలో పెట్టడం ఎలాంటి సౌదా?

స్టీమ్ ఇచ్చింది, ఇవ్వనిది

స్టీమ్ గురించి చెప్పకుండా ఈ తారీఖ్ పూర్తికాదు. వాల్వ్ కంపెనీ 2003లో తెరిచిన ఈ దుకాణం నేడు కంప్యూటర్ ఆటల బజారుకే బాద్‌షా. 2013 ఫిబ్రవరిలో లినక్స్‌కు వచ్చింది. 2018లో ప్రోటాన్ అనే సాధనం ఇచ్చింది. దానితో వేలాది విండోస్ ఆటలు లినక్స్‌లో నడవడం మొదలైంది. 2022లో లినక్స్ మీద నడిచే స్టీమ్ డెక్ అనే చేతి యంత్రాన్ని తెచ్చింది. లినక్స్ ఆటగాళ్లకు ఇంత ఖిద్మత్ ఇంకెవరూ చేయలేదు. ఒప్పుకోవాల్సిందే.

అందుకే లినక్స్ వాళ్లలో దీని మీద బహస్ జరుగుతూనే ఉంటుంది. ఒకడు మన గల్లీకి రోడ్డు వేశాడు, కానీ ఇంటి తాళం తన దగ్గరే పెట్టుకున్నాడు. ఇంకొకడు తాళంచెవి మన చేతిలో పెట్టాడు, కానీ రోడ్డు వేయలేదు. ఎవరి మీద ఎతెబార్ ఉంచాలి? నా రాయ్ అడిగితే, ఖిద్మత్ చేసినవాడికి షుక్రియా చెప్పాలి. కానీ ఖిద్మత్ మాలిక్ మర్జీ ఉన్నన్నాళ్లే సాగుతుంది. మిల్కియత్‌కు ఎవరి మర్జీతోనూ పనిలేదు.

ఇది ఉత్త భయం కాదు. ఉబిసాఫ్ట్ కంపెనీ 2014లో అమ్మిన ది క్రూ అనే ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. ఆ తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా తీసేసింది. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా పనిచేయలేదు. ఆ గుస్సాలోంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే తహ్రీక్ పుట్టింది. 2025లో యూరప్‌లో దాని దరఖాస్తు మీద పది లక్షలకు మించి సంతకాలు పడ్డాయి.

విరాసత్ సంగతీ అంతే. మన షరీఅత్‌లో మనిషి పోతే సూది దగ్గర్నుంచి ఇంటి దాకా ప్రతిదానికీ వారసుల హిస్సా ఉంటుంది. స్టీమ్ ఒప్పందం ప్రకారం ఖాతాను ఇంకొకరికి బదిలీ చేయకూడదు. ఇరవయ్యేళ్ల పాటు వేల రూపాయలు పోసి కట్టుకున్న ఆటల అల్మారీ, ఒప్పందం ప్రకారం కొడుకుకో కూతురికో చెందదు. పంచుకునే వీలు లేనిదాన్ని మిల్కియత్ అనడమెలా?

కుప్ప కింద తడి

హజ్రత్ ముహమ్మద్ (స) మదీనా బజారులో ధాన్యం కుప్పలోకి చేయి పెట్టిన వాఖియా మన పిల్లలకు కూడా తెలుసు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వ్యాపారి చెప్పాడు. జనానికి కనపడేలా ఆ తడిని పైనే ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. తడిసిన ధాన్యం అమ్మడంలో తప్పు లేదు. దాచడంలో ఉంది.

కాలిఫోర్నియా 2024 సెప్టెంబర్‌లో సరిగ్గా ఇలాంటి ఖానూన్ చేసింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. లైసెన్సు ఇస్తూ "కొనండి" అని రాస్తే, ఇది లైసెన్సు మాత్రమేనని సాఫ్‌గా చెప్పాలి. శాశ్వతంగా దించుకుని ఇంటర్నెట్ లేకుండా వాడుకునే మాల్‌కు ఈ షర్తు లేదు. స్టీమ్ 2024 అక్టోబర్ నుంచే ఆ మాట బిల్లు దగ్గర రాసింది. కుప్ప కింద తడి పైకొచ్చింది. లినక్స్ వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నది ఇదే.

2025 డిసెంబర్‌లో గాగ్‌ను సీడీ ప్రొజెక్ట్ నుంచి కిచిన్‌స్కి స్వయంగా కొనుక్కున్నాడు. సంతలో మొదలైనవాడి చేతికే దుకాణం వచ్చింది. రేపు ఇంకెవరి చేతికి పోతుందో అల్లాహ్‌కే తెలుసు. అందుకే దుకాన్‌దార్ మంచివాడా కాదా అనే సవాల్ ఒక్కటే సరిపోదు. అతను లేకపోతే మన చేతిలో ఏం మిగులుతుందని కూడా అడగాలి.

పిల్లలు ఆట కావాలని జిద్ చేసినప్పుడు, పైసలు కట్టేముందు మూడు సంగతులు చూడండి. ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందా? దాని ఫైలు దించుకుని దాచుకోవచ్చా? ఖాతా పోయినా ఆ ఫైలుతో మళ్లీ ఎక్కించుకోవచ్చా? మూడింటికీ అవును అనే జవాబొస్తే అది బై. లేకపోతే ఇజారా, కిరాయికి తగిన ధరే ఇవ్వండి. తాళం లేని ఆట కొన్నాక దాన్ని వెంటనే దించి హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి, దుకాణం అల్మారీలో వదిలేస్తే లాభం లేదు. ఇంకో మాట పిల్లలకు తప్పక చెప్పండి. తాళం వేయనివాడు మనల్ని నమ్మి మాల్ చేతిలో పెట్టాడు. దాన్ని నకళ్లు తీసి వాట్సాప్‌లో పంచితే అది అమానత్‌లో ఖియానత్.