లోయ

శ్రీనగర్ కాలనీ సినిమా ఆఫీసుల్లో ‘అరకు షెడ్యూల్’ అన్నారంటే పొగమంచూ పచ్చటి మలుపులూ కళ్లముందు ఆడతాయి. అరకు వెనకాల చేరిన ‘లోయ’ అచ్చతెలుగు మాట. లోన, లోతు, లోగిలి అన్నీ ‘లో’ సంతానమే, లోయదీ ఆ ఇంటి పేరే. కొండల లోపలి చోటు అన్నమాట.

పేపర్లో మాత్రం ఈ మాట ఎక్కువగా ‘లోయలో పడిన బస్సు’ అనే వార్తలోనే కనబడుతుంది. అందుకే లోయంటే మనకు కళ్లు తిరిగే అగాధం. అరకు తీరు వేరు. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ ఎక్కి పైకి పోతేగానీ ఈ లోయ రాదు! సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, గాలికొండ, సుంకరిమెట్ట, చిటమొగొండి కొండల నడుమ పరుచుకున్న నేల. చలికాలం మొదలయ్యేసరికి వలిసె పూలతో పసుపు ఆరబోసినట్టుంటుంది. 1960ల్లో ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం, సొరంగాలు దాటుకుంటూ, దీని మీదుగానే పోతుంది.

నోటి వాడుకలో లోయ రాలిపోయింది. ‘అరకు వెళ్తున్నాం’ అంటాం, అంతే. ఎన్నికల లెక్కల్లో మాత్రం రెండూ ఉన్నాయి: లోక్‌సభ స్థానం అరకు, అసెంబ్లీ స్థానం అరకులోయ. రిసార్టు బోర్డులు ‘వ్యాలీ’ అంటాయి. నాకైతే లోయే ముద్దు.