గేమింగ్ ల్యాప్‌టాప్ సలసలా కాగుతోందా? గేమ్ ఆగి ఆగి నడుస్తోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఈ నంబర్లు చూడండి

గేమ్ మొదలుపెట్టాక పదిహేను, ఇరవై నిమిషాలు అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఫ్యాన్ల మోత పక్క గదిలోకి వినిపిస్తుంది. కీబోర్డు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. సరిగ్గా శత్రువు ఎదురుపడ్డ టైమ్‌లో స్క్రీన్ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి మీరు అవుట్! ఈఎంఐలు ఇంకా కడుతున్న ల్యాప్‌టాప్ ఇలా చేస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

రిపేర్ షాపుకు తీసుకెళ్తే ఎక్కువగా వినిపించే మాటలు రెండే. ‘ఫార్మాట్ కొట్టేద్దాం’, లేదంటే ‘పేస్ట్ మార్చేద్దాం’. ఒక్కోసారి రెండూ పనిచేస్తాయి, కాదనడం లేదు. కానీ ల్యాప్‌టాప్ వేడెక్కడం, గేమ్ స్టట్టర్ అవడం ఒకే జబ్బు కావాలని లేదు. వేడిగా ఉన్నా స్టట్టర్‌కు కారణం వేరే కావొచ్చు. అది తేల్చుకోకుండా డబ్బు పెడితే పేస్ట్ మారుతుంది, స్టట్టర్ మాత్రం అలాగే ఉంటుంది. తేల్చుకోవడానికి ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్, అరగంట టైమ్ చాలు.

90 డిగ్రీలు చూసి కంగారుపడాలా?

అక్కర్లేదు. మామూలు ఆఫీస్ ల్యాప్‌టాప్ లెక్కలు గేమింగ్ ల్యాప్‌టాప్‌కు పనికిరావు. ఇంటెల్, ఏఎండీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల పరిమితి చాలా మోడళ్లలో సుమారు 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. పెద్ద గేమ్ ఆడేటప్పుడు 85, 90 కనిపించడం మామూలే. ఎన్విడియా ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లు మాత్రం కాస్త ముందే, చాలా మోడళ్లలో 87 డిగ్రీల దగ్గరే జాగ్రత్తపడతాయి.

ఆ పరిమితి తగిలితే చిప్ కాలిపోదు. తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఉదాహరణకు ఇంటెల్ కోర్ ఐ7-12700హెచ్ గరిష్ఠంగా 4.7 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది, కానీ దాని బేస్ స్పీడ్ 2.3 మాత్రమే. వేడి పెరిగినప్పుడు చిప్ ఈ రెండింటి మధ్య కిందికీ పైకీ దూకుతుంటే మీకు కనిపించేదే స్టట్టర్. 60 ఎఫ్‌పీఎస్‌తో ఆడుతున్నారంటే ఒక్కో ఫ్రేమ్‌కు ఉన్న టైమ్ 16.7 మిల్లీసెకన్లే. ఒక ఫ్రేమ్‌కు 60 మిల్లీసెకన్లు పట్టినా కన్ను పట్టేస్తుంది. సగటు ఎఫ్‌పీఎస్ మాత్రం బాగానే చూపిస్తుంది, అదే తమాషా.

మన ఎండల సంగతి కూడా చెప్పుకోవాలి. ఫ్యాన్ చల్లగాలిని తయారు చేయదు, గదిలో ఉన్న గాలినే లోపలికి తోస్తుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబర్‌లో 25 డిగ్రీల గదిలో 85 దగ్గర ఆగిన ల్యాప్‌టాప్, మే నెలలో 38 డిగ్రీల గదిలో అదే గేమ్‌కు 98 దగ్గరికి వెళ్తుంది. రామగుండంలోనో, విజయవాడలోనో వేసవి మధ్యాహ్నం మేడ మీది గదిలో ఆడేవాళ్లకు ‘చలికాలంలో బాగానే ఉండేది, ఇప్పుడేమైంది’ అన్న అనుమానం వస్తే, ముందు గది సంగతే చూసుకోవాలి. ల్యాప్‌టాప్ పాడవ్వాల్సిన పనే లేదు.

అరగంట టెస్ట్.. ఇలా చేయండి

హెచ్‌డబ్ల్యూ‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను దాని అసలు వెబ్‌సైట్ నుంచే దించుకోండి. ఓపెన్ చేసేటప్పుడు ‘సెన్సర్స్ ఓన్లీ’ టిక్ పెడితే లోపలి లెక్కలన్నీ వరుసగా వస్తాయి. లిస్ట్ చాంతాడంత ఉంటుంది, భయపడకండి. మనకు కావాల్సినవి మూడే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్‌ల ఉష్ణోగ్రత. వాటి క్లాక్ స్పీడ్. ఇంటెల్ అయితే ‘థర్మల్ థ్రాట్లింగ్’ అన్న వరుసలో యెస్ ఉందా, నో ఉందా. ఎన్విడియా చిప్ కింద ‘పెర్ఫార్మెన్స్ లిమిట్ - థర్మల్’ అని ఇలాంటి వరుసే ఉంటుంది.

ఇప్పుడు చార్జర్ పెట్టి, రోజూ ఆడే చోటే, రోజూ ఆడే గేమ్ అరగంట ఆడండి. స్టట్టర్ మొదటిసారి ఎన్నో నిమిషంలో వచ్చిందో గుర్తుపెట్టుకోండి. ఆట అయ్యాక మినిమమ్, మ్యాగ్జిమమ్ కాలమ్స్ చూడండి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ కూడా వేసుకుంటే గేమ్ నడుస్తుండగానే మూలన ఈ నంబర్లు కనిపిస్తాయి. కుదుపు వచ్చిన క్షణంలో ఏది మారిందో కళ్లతో చూడొచ్చు.

మొదట్లో సాఫీగా నడిచి, కొంతసేపటికి ఉష్ణోగ్రత పరిమితికి చేరి, అదే సమయంలో క్లాక్ స్పీడ్ పడిపోయి, థ్రాట్లింగ్ యెస్ అని వచ్చిందా? అయితే వేడే కారణం. ఒకసారి యెస్ వచ్చినంత మాత్రాన తీర్పు చెప్పేయొద్దు. గేమ్ లోడ్ అయ్యేటప్పుడు ఒక్క సెకను పరిమితి తాకడం చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. క్లాక్ స్పీడ్ కింద పడి అక్కడే ఉండిపోతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

అలా కాకుండా మొదటి నిమిషంలోనే, 70 డిగ్రీలు ఉన్నప్పుడే స్టట్టర్ మొదలైతే వేడిని తిట్టుకుని లాభం లేదు. దాని సంగతి కింద వస్తుంది.

వేడే కారణమైతే.. స్క్రూడ్రైవర్ తీయకముందే

ల్యాప్‌టాప్ వెనుక అంచును రెండంగుళాలు పైకి లేపండి. రెండు పుస్తకాలు చాలు, గాలి రంధ్రాలు మూయకుండా ఉంటే సరి. చాలా మోడళ్లు కింది నుంచి గాలి పీల్చి వెనుక, పక్కల నుంచి వదులుతాయి. పరుపు మీద, దుప్పటి మీద పెడితే ముక్కు మూసినట్టే. కూలింగ్ ప్యాడ్‌తో కొన్ని డిగ్రీలు తగ్గుతాయి గానీ, అందులో సగం మేలు ఎత్తు పెట్టడం వల్లే వస్తుందని నా అభిప్రాయం. ముందు పుస్తకాలతో చూసి, తర్వాత కొనండి.

ఇంకోటి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన వాటర్ బాటిల్‌నో, ఐస్ ప్యాక్‌నో కింద పెట్టే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు. చల్లటి వస్తువు మీద గాలిలోని తేమ నీళ్లలా పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో అయితే మరీ ఎక్కువ. ఆ చుక్క బోర్డు మీదికి చేరితే వేడి సమస్య శాశ్వతంగా తీరిపోతుంది, ల్యాప్‌టాప్‌తో సహా!

తర్వాతి పని ఎఫ్‌పీఎస్‌కు పరిమితి పెట్టడం. వాలరెంట్ లాంటి తేలిక గేమ్‌లో పరిమితి లేకపోతే మెషిన్ రెండు వందలకు పైగా ఫ్రేమ్‌లు తీయడానికి పరుగులు పెడుతుంది. మీ స్క్రీన్ 144 హెర్ట్జ్ అయితే అంతకు మించినవి పూర్తిగా కనిపించవు, వేడి మాత్రం మిగులుతుంది. పెద్ద కథల గేమ్‌లకు 60 పెట్టి చూడండి. చాలామందికి 90 నుంచి 50కి దూకే ఆట కంటే కదలని 60 హాయిగా ఉంటుంది.

మూడోది ప్రాసెసర్ టర్బో. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ ఒకే రాగి గొట్టాలను పంచుకుంటాయి. ప్రాసెసర్ అనవసరంగా పైకి ఎగబాకితే ఆ వేడి గ్రాఫిక్స్ చిప్‌కూ అంటుకుంటుంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ను 100 నుంచి 99కి మార్చండి. ఒక్క శాతమే అనుకోకండి, దాంతో టర్బో ఆగిపోతుంది. ఉష్ణోగ్రత బాగా దిగుతుంది. గ్రాఫిక్స్ మీద ఆధారపడే గేమ్‌లలో ఎఫ్‌పీఎస్ పెద్దగా తగ్గదు, ప్రాసెసర్ మీద ఆధారపడేవాటిలో తగ్గుతుంది. నచ్చకపోతే మళ్లీ 100 చేసేయొచ్చు. కొన్ని మోడళ్లలో ఈ ఆప్షన్ దాచి ఉంటుంది, అప్పుడు కంపెనీ యాప్‌లో పెర్ఫార్మెన్స్ నుంచి బ్యాలెన్స్‌డ్ మోడ్‌కు మారండి. లెనోవో లీజియన్, లాక్ మోడళ్లలో ఎఫ్ఎన్, క్యూ కీలు కలిపి నొక్కితే మోడ్ మారుతుంది.

వోల్టేజ్ తగ్గించే అండర్‌వోల్టింగ్ గురించి వీడియోల్లో చూసి థ్రాటిల్‌స్టాప్ వేసుకుంటే, స్లైడర్ కదలకుండా మొరాయించొచ్చు. మీ తప్పు కాదు. 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో దానికి తాళం వేశారు.

విప్పాల్సి వస్తే

ఏడాది, రెండేళ్లు దాటాక ఫ్యాన్‌కు, రేకుల గ్రిల్‌కు మధ్య దుమ్ము చాపలా పేరుకుంటుంది. బయట నుంచి ఊదితే పోదు. వెనుక మూత తీస్తే వారంటీ పోతుందా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది, ముందే కస్టమర్ కేర్‌ను అడగండి. పవర్ ఆఫ్ చేసి, చార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ విడదీశాకే చెయ్యి పెట్టాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, స్టాటిక్ కరెంటుతో ప్రమాదం.

దుమ్ము తీశాక కూడా తగ్గకపోతే అప్పుడు పేస్ట్. షాపులో ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడగండి, ‘ఇందులో లిక్విడ్ మెటల్ ఉందా, మామూలు పేస్టా?’ అని. అసుస్ ఆర్‌ఓజీ మోడళ్లలో కొన్నింటికి ఫ్యాక్టరీలోనే లిక్విడ్ మెటల్ వేస్తారు. అది కరెంటును ప్రవహింపజేస్తుంది. తుడిచేటప్పుడు చిన్న బొట్టు పక్క భాగాల మీద పడినా మదర్‌బోర్డు పోవచ్చు. అడిగితే తడుముకునే షాపులో అలాంటి ల్యాప్‌టాప్ ఇవ్వకపోవడమే మంచిది.

వేడి కాదని తేలితే

మొదట చూడాల్సింది చార్జర్. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్ ఒక్కటే మోడల్‌ను బట్టి 35 నుంచి 115 వాట్ల వరకు తీసుకుంటుంది. ప్రయాణంలో తేలిగ్గా ఉంటుందని 65 వాట్ల టైప్-సీ చార్జర్‌తో ఆడితే అది ఏ మూలకు? పూర్తిగా బ్యాటరీ మీద ఆడినా ఇంతే, ఏ గేమింగ్ ల్యాప్‌టాప్ అయినా తన బలాన్ని తగ్గించుకుంటుంది.

తర్వాత ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ ఓపెన్ చేస్తే ఎన్ని స్లాట్లు వాడుతున్నారో కనిపిస్తుంది. రెండు స్లాట్లున్న మెషిన్‌లో ఒక్క 8 జీబీ ర్యామ్ ఉంటే, రెండోది వేసుకోవడం ఏ పేస్ట్ కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. గ్రాఫిక్స్ మెమరీ కూడా అంతే ముఖ్యం. మామూలుగా వచ్చే 4 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 మీద కొత్త గేమ్‌ను అల్ట్రా టెక్స్చర్స్‌తో పెడితే మెమరీ నిండి కుదుపులు ఖాయం. టెక్స్చర్స్‌ను మీడియంకు దించండి.

కొన్నిసార్లు తప్పు గేమ్‌దే. అన్‌రియల్ ఇంజిన్‌తో తీసిన చాలా గేమ్‌లు కొత్త చోటికి, కొత్త ఎఫెక్ట్ దగ్గరికి వెళ్లగానే షేడర్లు తయారు చేసుకుంటూ ఒక్కసారి తడబడతాయి. రెండోసారి అదే చోట రాదు. డ్రైవర్ అప్‌డేట్ చేసిన రోజు మళ్లీ వస్తుంది, ఎందుకంటే షేడర్లు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ విడుదలైనప్పుడు ఖరీదైన డెస్క్‌టాప్‌ల మీద కూడా స్టట్టర్ వచ్చింది.

ఆన్‌లైన్ గేమ్‌లో మాత్రమే వస్తూ, ఎఫ్‌పీఎస్ నంబర్ కదలకుండా ఉంటే అది పింగ్ సమస్య. వైఫై వదిలి కేబుల్ పెట్టి చూడండి.

ఇది కనిపిస్తే ఆట ఆపేయండి

టచ్‌ప్యాడ్ ఉబ్బి పైకి లేచినట్టుందా? కింది మూత మధ్యలో బొర్రలా తోస్తోందా? బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోందా? అయితే బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. లిథియం బ్యాటరీకి ఎడతెగని వేడి పడదు. వెంటనే షట్ డౌన్ చేసి చార్జర్ తీసేయండి. నొక్కి సరిచేయడం, సూదితో గాలి తీయడం లాంటి పనులు అస్సలు చేయొద్దు, మంటలు రావొచ్చు. మెత్తటి పరుపులకు, కర్టెన్లకు దూరంగా పెట్టి, ఆన్ చేయకుండానే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. డేటా బ్యాకప్ కావాలంటే అది కూడా బ్యాటరీ తీయించాక అక్కడే అడగండి.