రాబడి తగ్గిన ఏళ్లలో రాష్ట్ర బడ్జెట్: ఆంధ్రప్రదేశ్ అనుభవం

పన్నులు, ఫీజులు, కేంద్రం ఇచ్చే వాటా, గ్రాంట్ల ద్వారా వచ్చే రాబడి కన్నా జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల ఖర్చు ఎక్కువైతే దాన్ని రెవెన్యూ లోటు అంటారు. ఏటా ఆదాయ వ్యయాల లెక్కను శాసనసభ ముందుంచాలని రాజ్యాంగం 202వ అధికరణం చెబుతుంది గానీ, ఆ రెండూ సరిసమానం కావాలని ఎక్కడా అనదు. అయితే రాష్ట్రం నోట్లు ముద్రించుకోలేదు. కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం 293(3) ప్రకారం దాని అనుమతి లేకుండా కొత్త అప్పు తేలేదు. రిజర్వు బ్యాంకు ఇచ్చే చేబదులు కొద్ది రోజులకే సరి. అందుచేత లోటు భారం చివరికి ఎవరో ఒకరి మీద పడక తప్పదు. ఆంధ్రప్రదేశ్ చరిత్ర చూస్తే, పొదుపు పేరుతో జరిగినదాంట్లో చాలా భాగం గట్టిగా అడగలేనివాళ్ల మీదకు నెట్టిన భారమే. లోటు నిజంగా తీరింది రాబడి పెరిగినప్పుడే.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలుపెట్టింది. ఆ హయాంలోనే ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరా చేరాయి. బియ్యం మీద పేదల ఇంట మిగిలిన డబ్బులో కొంత, సారా రూపంలో మళ్లీ ఖజానాకే వచ్చేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు తిరగబడింది ఈ ఏర్పాటు మీదే. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధించారు. ఎక్సైజ్ రాబడికి పెద్ద గండి పడింది. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 1996లో ఆర్థిక పరిస్థితిపై శ్వేతపత్రం ప్రకటించి, కిలో బియ్యాన్ని మూడున్నర రూపాయలు చేసి, కరెంటు ఛార్జీలు పెంచింది. 1997లో నిషేధాన్నీ సడలించింది. ఉద్యమం చేసిన ఆడవాళ్ల ఇళ్లే బియ్యం ధరలోనూ, తిరిగి తెరిచిన మద్యం దుకాణాల ద్వారానూ ఆ లోటు పూడ్చాల్సి వచ్చింది.

ఇంకో దారి లేదు కదా అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. విద్యుత్ బోర్డు నష్టాలు అలాగే పెరగనిస్తే బడులకూ ఆసుపత్రులకూ పైసా మిగలదు. ప్రపంచ బ్యాంకు రుణంతో సాగిన 1998 నాటి విద్యుత్ సంస్కరణలు బోర్డును విడగొట్టి, నియంత్రణ మండలిని తెచ్చి, లెక్కలను బయటపెట్టాయి. అది మేలే. కానీ 2000లో ఒక్కసారిగా ఛార్జీలు పెంచేసరికి జనం వీధుల్లోకి వచ్చారు. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ఆందోళనకారులు బలయ్యారు. ఇంత జరిగినా రెవెన్యూ లోటు పోలేదు, ఆ తరవాత కూడా ఏళ్ల తరబడి కొనసాగింది.

మిగులు కనిపించింది 2006-07లో. అంతకుముందు ఏడాదే విలువ ఆధారిత పన్ను (వ్యాట్) అమల్లోకి వచ్చింది, అమ్మకాలు పెరిగాయి. పన్నెండో ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 30.5 శాతం చేసి, లోటుకు హద్దు పెట్టే ద్రవ్య బాధ్యత చట్టం చేసిన రాష్ట్రాలకు పాత కేంద్ర రుణాలపై ఊరట ఇచ్చింది. రైతులకు ఉచిత విద్యుత్తు ఇస్తున్న కాలంలోనే మిగులు వచ్చిందంటే, సబ్సిడీ ఒక్కటే లోటుకు మూలం అనే వాదన నిలవదు. చట్టం పెట్టిన క్రమశిక్షణ వల్లే మిగులు వచ్చిందని కొందరంటారు. క్రమశిక్షణ పనిచేసింది చేతిలో రాబడి ఉన్నందువల్ల. 2014 విభజనతో రాబడి పోగానే, అదే చట్టం ఉన్నా లోటు తిరిగొచ్చింది. అందుకే పద్నాలుగో ఆర్థిక సంఘం ఐదేళ్లకు రూ.22,113 కోట్ల లోటు గ్రాంటు సిఫార్సు చేయాల్సి వచ్చింది.

లోటు ఏళ్లలో ట్రెజరీలో జరిగేది బడ్జెట్ ప్రసంగంలో ఉండదు. బిల్లు పెడతారు, టోకెన్ నంబరు వస్తుంది, డబ్బు రాదు. మార్చి 31 దాటితే చాలా బిల్లులు మురిగిపోయి మళ్లీ మొదటికొస్తాయి. చిన్న కాంట్రాక్టరు బయట వడ్డీకి తెచ్చి కూలీలకు ఇస్తాడు. ప్రభుత్వ లెక్కల్లో లోటు తగ్గినట్టే ఉంటుంది, ఆ వడ్డీ మాత్రం అతను కడుతుంటాడు.

2020లో కొవిడ్ వల్ల రాబడి పడిపోయినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలూ ఉద్యోగుల జీతాల్లో, పింఛన్లలో కొంత ఆపేశాయి. తెలంగాణ ఇందుకు ఆర్డినెన్సు కూడా తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ కేసులో హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని 6 శాతానికి తగ్గించింది గానీ, వడ్డీ కట్టాల్సిందేనని తేల్చింది.